నాలుగొందల మీటర్ల ఆఖరి వంద: గెలిచేది వేగం పెంచినవారు కాదు

2017 ఆగస్టు 9, లండన్. ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌లో మహిళల 400 మీటర్ల ఫైనల్. వానకు ట్రాక్ తడిసి ఉంది. ఆఖరి మలుపు దాటి గీత వైపు వస్తున్నప్పుడు అందరికంటే ముందున్నది బహామాస్‌కు చెందిన షానే మిల్లర్-ఉయిబో. అంతకు ముందు ఏడాది రియో ఒలింపిక్స్‌లో ఇదే పరుగులో స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి. గీత ఇంకా కొద్ది మీటర్ల దూరంలో ఉందనగా ఆమె అడుగు తడబడింది. కింద పడలేదు గానీ వేగం ఒక్కసారిగా పోయింది. అమెరికాకు చెందిన ఫిలిస్ ఫ్రాన్సిస్ 49.92 సెకన్లలో గీత దాటి విజేత అయింది. చేతిలోకి వచ్చినట్టే కనిపించిన పతకం జారిపోయి, మిల్లర్-ఉయిబో 50.49 సెకన్లతో నాలుగో స్థానంలో నిలిచింది.

రియోలో ఆమె గెలుపు కూడా ఆఖరి అడుగుల్లోనే తేలింది. అప్పుడు గీత మీదికి ముందుకు పడిపోతూ దాటింది. సమయం 49.44 సెకన్లు. అమెరికా క్రీడాకారిణి ఆలిసన్ ఫెలిక్స్‌ది 49.51. తేడా 0.07 సెకన్లు, అంటే దాదాపు అర మీటరు. ఒకే క్రీడాకారిణికి ఒక ఏడాది స్వర్ణం వచ్చినా, మరో ఏడాది పతకమే లేకపోయినా, రెండూ ఆఖరి కొన్ని మీటర్లలోనే జరిగాయి.

ట్రాక్ చుట్టూ ఒక్క చుట్టు తిరిగే ఈ పందెంలో ఆఖరి వంద మీటర్ల గురించి వ్యాఖ్యాతలు తరచూ ఒక మాట అంటారు: ‘చివర్లో వేగం పెంచి దూసుకొచ్చింది’ అని. కళ్లకు అలాగే కనిపిస్తుంది. కానీ గడియారం ఆ మాటను ఒప్పుకోదు. ప్రపంచ స్థాయి ఫైనల్‌లో ఆఖరి వంద మీటర్లలో వేగం పెంచేవారు దాదాపు ఉండరు. అందరూ నెమ్మదిస్తారు. అందరికంటే తక్కువగా నెమ్మదించిన అమ్మాయి దూసుకొచ్చినట్టు కనిపిస్తుంది.

లత, రమల లెక్క

ఈ మాట నమ్మడానికి చిన్న లెక్క చాలు. లత, రమ అనే ఇద్దరు క్రీడాకారిణులను ఊహించుకుందాం. లత మొదటి వంద మీటర్లు 12.2 సెకన్లలో, రెండో వంద 11.3లో, మూడో వంద 12.5లో, ఆఖరి వంద 14.4లో పరుగెత్తింది. మొత్తం 50.4 సెకన్లు. రమ సమయాలు వరుసగా 12.5, 11.7, 12.4, 13.4. మొత్తం 50.0 సెకన్లు. ఇద్దరికీ మొదటి వంద కంటే రెండో వందకు తక్కువ సమయం పట్టడంలో వింతేమీ లేదు. మొదటి వందలో నిలుచున్న స్థితి నుంచి వేగం పుంజుకోవాలి కదా.

300 మీటర్ల దగ్గర లత 36.0 సెకన్లకు చేరితే, రమ 36.6 సెకన్లకు చేరింది. అంటే అప్పటికి రమ నాలుగున్నర మీటర్లకు పైగా వెనుక ఉంది. మూడో వందలో సెకనుకు 8.06 మీటర్ల సగటుతో పరుగెత్తిన రమ, ఆఖరి వందలో 7.46కి పడిపోయింది. అదే సమయంలో లత 8.0 నుంచి 6.94కి పడిపోయింది. ఇద్దరూ అలసిపోయారు. అయినా వారి వేగాల తేడా సెకనుకు అర మీటరు. ఆ తేడాతో రమ లతను అందుకుని, దాటి, దాదాపు మూడు మీటర్ల ముందు గీత చేరింది. మన కన్ను పరుగెత్తేవారి వేగాన్ని నేలతో పోల్చి కొలవదు, పక్క లేన్‌లోని మనిషితో పోల్చి చూస్తుంది. అందుకే లత కుంగిపోవడం మనకు రమ పుంజుకోవడంలా కనిపిస్తుంది.

మొదటి 200 మీటర్లకు లతకు 23.5 సెకన్లు పడితే, రెండో 200కు 26.9 పట్టాయి. రమకు 24.2, 25.8. పెద్ద పోటీల్లో గెలిచేవారికి కూడా రెండో సగానికి సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర సెకన్లు ఎక్కువ పడుతుంది. లతకు పట్టిన అదనపు సమయం 3.4 సెకన్లు. ఆమె ఓడిపోయింది ఆఖరి వందలో కాదు, మొదటి 200లో ఎక్కువ ఖర్చు పెట్టినప్పుడు.

కండరం లోపలి పద్దు

ఖర్చు అన్నాం కాబట్టి ఆ పద్దు ఏమిటో చూడాలి. కండరం కదలడానికి వాడే ఇంధనం ఏటీపీ అనే అణువు. పూర్తి శక్తితో పరుగెత్తినప్పుడు కండరాల్లో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి రాదు. కాబట్టి దాన్ని వెంటవెంటనే తయారు చేసుకోవాలి. అన్నిటికంటే త్వరగా అందివచ్చే దారి ఫాస్ఫోక్రియాటిన్. అది చేతిలోని చిల్లర లాంటిది. పది సెకన్ల సుమారుకు చాలా వరకు అయిపోతుంది. రెండో దారిలో కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఆక్సిజన్ అవసరం లేకుండా విడిపోయి ఏటీపీని ఇస్తుంది. ఇది వేగంగా ఇస్తుంది గానీ వెనక మిగిల్చే రసాయన చెత్త ఎక్కువ. మూడో దారి ఆక్సిజన్ సాయంతో నడిచేది. చాలా కాలం నిలుస్తుంది, కానీ అందుకోవడానికి సమయం తీసుకుంటుంది.

400 మీటర్లను ‘ఊపిరి బిగబట్టి పరుగెత్తే’ పందెంగా చాలామంది భావిస్తారు. కొలతలు అలా చెప్పవు. శిక్షణ పొందిన క్రీడాకారులపై జరిపిన అధ్యయనాల్లో, ఈ పరుగుకు కావలసిన శక్తిలో సుమారు 40 నుంచి 45 శాతం ఆక్సిజన్ దారిలోనే వస్తుందని తేలింది. పందెం యాభై సెకన్లలో ముగిసిపోయినా, ఊపిరితిత్తులు, గుండె చేసే పని చిన్నదేమీ కాదు.

ఇక లాక్టిక్ ఆమ్లం సంగతి. ‘కాళ్లలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది, అందుకే మంట, అందుకే అలసట’ అన్న వివరణ మన బడి మైదానాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. దీని మూలాలు వందేళ్ల కిందటివి. బ్రిటన్‌కు చెందిన ఆర్చిబాల్డ్ హిల్, జర్మనీకి చెందిన ఓటో మేయర్‌హాఫ్ కప్ప కండరాలపై చేసిన ప్రయోగాలకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం ఎక్కువగా కనిపించడంతో, అదే నేరస్థురాలన్న నమ్మకం బలపడింది. నేరం జరిగిన చోట కనిపించిన ప్రతివారూ నేరస్థులు కానట్టే, లాక్టేట్ కూడా కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బ్రూక్స్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనలతో, లాక్టేట్ ఒక ఇంధనమని స్పష్టమైంది. ఒక కండర కణం వదిలిన లాక్టేట్‌ను మరో కండరం, గుండె తీసుకుని వాడుకుంటాయి.

400 మీటర్లు పరుగెత్తిన తర్వాత రక్తంలో లాక్టేట్ భారీగా పెరిగేది నిజమే. విశ్రాంతిలో లీటరుకు ఒక మిల్లీమోల్ సుమారుగా ఉండేది, ఈ పందెం తర్వాత 20 కూడా దాటవచ్చు. కానీ అలసట కలిగించేది దానితో పాటు వచ్చే మిగతా గుంపు. హైడ్రోజన్ అయాన్లు పెరిగి కండరంలోని ఆమ్లత పెరుగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయినప్పుడు వచ్చే ఫాస్ఫేట్ కూడా పోగవుతుంది. కండరం బిగుసుకోవాలంటే కాల్షియం సంకేతం కావాలి. ఫాస్ఫేట్ ఆ సంకేతాన్ని బలహీనపరుస్తుంది. ఫలితంగా మెదడు అదే ఆజ్ఞ ఇస్తున్నా కండరం మునుపటంత గట్టిగా నేలను తన్నలేదు.

నేలను తన్నడమే పరుగులో కీలకం. పూర్తి వేగంలో ఉన్నప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు సుమారు. అంత తక్కువ సమయంలో శరీర బరువుకు రెండింతలకు మించిన బలాన్ని నేల మీద చూపాలి. అలసిన కాలు అదే పని చేయడానికి ఎక్కువ సేపు నేల మీద ఉండిపోతుంది. అంగ పొడవు తగ్గుతుంది, సెకనుకు వేసే అంగలూ తగ్గుతాయి. భుజాలు బిగుసుకుంటాయి, తల వెనక్కు వాలుతుంది. గీత ముందు తడబాట్లు ఈ స్థితిలోనే జరుగుతుంటాయి.

మరి మొదటి నుంచీ ఒకే వేగంతో పరుగెత్తితే?

భౌతికశాస్త్రం చదివినవారికి వెంటనే వచ్చే సందేహం ఇది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. సెకనుకు 8 మీటర్ల నుంచి 9 మీటర్లకు వేగం పెంచితే గాలి తోసే బలం 27 శాతం, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం 42 శాతం పెరుగుతాయి. వేగంలో హెచ్చుతగ్గులు ఉంటే నష్టమే కాబట్టి, సమవేగమే పొదుపు కావాలి.

1973-74లో అమెరికా గణిత శాస్త్రవేత్త జోసెఫ్ కెల్లర్ దీన్నే సమీకరణాల్లో పెట్టాడు. న్యూటన్ రెండో నియమం, శరీరంలోని శక్తి నిల్వ, ఆక్సిజన్ సరఫరా, ఈ మూడింటితో పరుగుకు ఉత్తమ వేగం ఎలా ఉండాలో లెక్కించాడు. ఆయన లెక్క ప్రకారం 291 మీటర్ల వరకు మొత్తం పూర్తి బలంతో పరుగెత్తవచ్చు. అంతకు మించిన పందెమైతే మొదటి ఒకటి రెండు సెకన్లు వేగం అందుకుని, ఆ తర్వాత ఒకే వేగంతో సాగాలి. ఆఖరి క్షణాల్లో మాత్రం కొద్దిగా నెమ్మదించాలి.

ఆ ఆఖరి నెమ్మదింపు వెనుక ఒక చక్కని తర్కం ఉంది. 60 కిలోల ద్రవ్యరాశి గల క్రీడాకారిణి సెకనుకు 8.7 మీటర్ల వేగంతో వెళ్తుంటే ఆమె గతిజశక్తి దాదాపు 2,270 జౌళ్లు. 7.3 మీటర్ల వేగానికి అది 1,600 జౌళ్లు. గీత దాటిన తర్వాత మిగిలిన గతిజశక్తికి పతకం రాదు. కాబట్టి గీత దగ్గర వేగం తగ్గి ఉండటమంటే, శరీరంలో దాచిన ఆ శక్తిని కూడా పందెం లోపలే ఖర్చు పెట్టడం. దీపావళి సరుకును పండగ మర్నాటికి మిగల్చనట్టు.

అయితే కెల్లర్ నమూనా ఒక ఒంటి సెకను నెమ్మదింపునే అడిగింది. నిజమైన క్రీడాకారిణులు 150 మీటర్ల తర్వాత నుంచే మెల్లగా నెమ్మదిస్తారు. వారంతా తప్పు చేస్తున్నారా? కాదు, తప్పు నమూనాలో ఉంది. ఆయన ఆక్సిజన్ సరఫరాను మొదటి క్షణం నుంచీ ఒకేలా ఉంటుందని తీసుకున్నాడు. అసలు శరీరంలో అది నెమ్మదిగా పెరుగుతుంది. వేగంగా మొదలుపెడితే ఆ పెరుగుదల కూడా త్వరపడుతుంది. పైగా ఫాస్ఫోక్రియాటిన్ లాంటి నిల్వను మొదట్లో వాడితేనే దాని వల్ల వచ్చే వేగం మిగతా పందెమంతా ఉపయోగపడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త అమాండీన్ అఫ్తాలియోన్ తన సహచరులతో కలిసి, మారే ఆక్సిజన్ సరఫరాను, ట్రాక్ మలుపులను కూడా సమీకరణాల్లో చేర్చినప్పుడు, వేగంగా మొదలై క్రమంగా తగ్గే పరుగే ఉత్తమమని వచ్చింది. శిక్షకులకు అనుభవంతో తెలిసిన సంగతికి గణితం నలభై ఏళ్ల తర్వాత వచ్చి చేరింది.

అంటే మొదట్లో వేగం కావాలి, కానీ ఎంత అన్నదే ప్రశ్న. రమ, లతల మధ్య మొదటి 200లో ఉన్న తేడా 0.7 సెకన్లు మాత్రమే. పరుగెత్తేటప్పుడు గడియారం చూసే వీలుండదు. కాళ్ల లయను బట్టే తెలుసుకోవాలి.

మలుపులు, గాలి

ప్రామాణిక ట్రాక్‌లో తిన్నని భాగాలు ఒక్కొక్కటి 84.39 మీటర్లు. మిగిలినదంతా మలుపే. అంటే 400 మీటర్లలో సగానికి పైగా, 231 మీటర్లు, వంపు మీదే పరుగు. మొదటి లేన్‌లో పరుగు గీత వ్యాసార్ధం 36.8 మీటర్లు. సెకనుకు 9 మీటర్ల వేగంతో అక్కడ తిరగాలంటే దాదాపు 2.2 మీటర్ల అభికేంద్ర త్వరణం కావాలి. అందుకు శరీరం లోపలికి 12 డిగ్రీలకు పైగా వాలాలి. కాళ్లు మోయాల్సిన మొత్తం బలం బరువు కంటే రెండున్నర శాతం ఎక్కువ అవుతుంది. ఎనిమిదో లేన్‌లో వ్యాసార్ధం 45 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ అదనపు భారం 1.7 శాతమే.

మరి అందరూ ఎనిమిదో లేన్ ఎందుకు కోరుకోరు? అక్కడివారు మొదటి లేన్ వారి కంటే 53 మీటర్లు ముందు నుంచి బయలుదేరతారు. వెనుక ఎవరు ఎంత దగ్గరలో ఉన్నారో చాలాసేపు తెలియదు. వేగాన్ని పంచుకోవాల్సిన పందెంలో ఎదురుగా ఒక మనిషి కనిపించడం పెద్ద ఆసరా. అలాగని ఎనిమిదో లేన్ శాపమూ కాదు. పురుషుల 400 మీటర్ల ప్రపంచ రికార్డు 43.03 సెకన్లను 2016లో దక్షిణాఫ్రికాకు చెందిన వేడ్ వాన్ నీకెర్క్ అక్కడి నుంచే సాధించాడు.

గాలి విషయంలో ఒక చిన్న తమాషా. 100, 200 మీటర్ల రికార్డులకు గాలి వేగాన్ని కొలుస్తారు, 400కు కొలవరు. చుట్టు పూర్తయ్యేసరికి ఎదురుగాలి, వెన్నుగాలి సరికి సరి అవుతాయన్న భావన. నిజానికి అవి సరిపోవు. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే వ్యక్తికి 2 మీటర్ల ఎదురుగాలిలో నిరోధం 10 వర్గానికి, అంటే 100కు అనులోమంగా ఉంటుంది. వెన్నుగాలిలో 6 వర్గం, 36. రెండింటి సగటు 68. గాలే లేకపోతే 64. గాలి వీచే రోజున 400 మీటర్లలో నష్టమే తప్ప లాభం లేదు.

టాంపెరె నుంచి పారిస్ వరకు

2018 జులై 12న ఫిన్లండ్‌లోని టాంపెరెలో ప్రపంచ అండర్-20 చాంపియన్‌షిప్స్ ఫైనల్‌ను చాలామంది భారతీయులు పదేపదే చూసి ఉంటారు. అస్సాంలోని ధింగ్ ప్రాంతం నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల హిమా దాస్ ఆఖరి మలుపులో ముందంజలో లేదు. తిన్నని దారిలో ఒక్కొక్కరినీ దాటి 51.46 సెకన్లలో స్వర్ణం గెలిచింది. ప్రపంచ స్థాయి ట్రాక్ పరుగులో భారత్‌కు అదే తొలి స్వర్ణం. ‘ఆఖర్లో రాకెట్‌లా దూసుకెళ్లింది’ అని అప్పట్లో అందరూ రాశారు. ఆ వీడియోను ఇప్పుడు లత, రమల లెక్క గుర్తు పెట్టుకుని చూస్తే మరో కథ కనిపిస్తుంది: ముందున్నవారు కుంగుతున్నారు, హిమ వారంతగా కుంగడం లేదు. అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో ఆమె 50.79 సెకన్లతో జాతీయ రికార్డు నెలకొల్పి రజతం అందుకుంది.

వరంగల్ ప్రాంతంలోని కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జీది ఇదే దూరం, వేరే విభాగం. మేధో వైకల్యం గల క్రీడాకారుల టీ20 విభాగంలో ఆమె 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా చాంపియన్‌షిప్స్‌లో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. వేగాన్ని పందెమంతటికీ పంచుకోవడం కాళ్ల పనే కాదు, మెదడు చేసే అంచనా కూడా. శరీరం పంపే సంకేతాలను చదివి, మిగిలిన దూరంతో పోల్చుకునే ఈ అంచనాకూ మేధాశక్తికీ ఉన్న సంబంధం క్రీడా శాస్త్రంలో ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్న అంశం. ఆ వెలుగులో చూస్తే దీప్తి పతకాల విలువ మరింత బాగా అర్థమవుతుంది.

పారిస్ ఒలింపిక్స్‌లో భారత మహిళల 4×400 మీటర్ల రిలే జట్టులో తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పరుగెత్తింది. రిలేలో రెండో అమ్మాయి నుంచి అందరూ కదులుతూనే బ్యాటన్ అందుకుంటారు. తుపాకీ మోతకు స్పందించే సమయం, నిలుచున్న చోటి నుంచి వేగం పుంజుకునే సమయం కలిసొస్తాయి. కాబట్టి రిలేలో నమోదైన సమయాన్ని విడి పందెం సమయంతో నేరుగా పోల్చకూడదు.

టోక్యోలో 47.78

2025 సెప్టెంబరు 18న టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్ ఫైనల్ ఈ పందెం చరిత్రలో అరుదైనది. మళ్లీ వాన, మళ్లీ తడి ట్రాక్. అమెరికాకు చెందిన సిడ్నీ మెక్‌లాఫ్లిన్-లెవ్రోన్ 47.78 సెకన్లలో గెలిచింది. పారిస్ ఒలింపిక్ విజేత, డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన మారిలీడీ పౌలినో 47.98తో రెండో స్థానం, బహ్రెయిన్‌కు చెందిన సల్వా ఈద్ నాసర్ 48.19తో మూడో స్థానం. ఒకే పందెంలో ఇద్దరు మహిళలు 48 సెకన్ల లోపు పరుగెత్తడం అదే మొదటిసారి. చాంపియన్‌షిప్స్ రికార్డు అంతవరకు చెకొస్లొవేకియాకు చెందిన యర్మిలా క్రాటొఖ్విలొవా పేరిట ఉండేది: 47.99, 1983, హెల్సింకి. నలభై రెండేళ్ల పాటు నిలిచింది.

మెక్‌లాఫ్లిన్-లెవ్రోన్ అసలు 400 మీటర్ల హర్డిల్స్ క్రీడాకారిణి. పది హర్డిళ్లు దాటుతూ 50.37 సెకన్లలో పరుగెత్తిన ప్రపంచ రికార్డు ఆమెదే. అంటే పది అడ్డంకులు ఆమెకు అదనంగా అడిగిన సమయం 2.6 సెకన్లే. హర్డిల్స్‌లో హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 35 మీటర్లను లెక్క ప్రకారం ఇన్ని అంగల్లో అని ముగించాలి. వేగం ఎక్కువైనా తక్కువైనా అంగ తప్పుతుంది. మొదటి సగంలో ఎంత ఖర్చు పెట్టాలో కాళ్లకు నేర్పడానికి ఇంతకంటే కఠినమైన బడి లేదు.

ఇదే టోక్యోలో, ఇదే స్థలంలో ఉన్న పాత స్టేడియంలో, 1964లో ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళలకు 400 మీటర్ల పందెం పెట్టారు.  ఆస్ట్రేలియాకు చెందిన బెట్టీ కత్‌బర్ట్ 52.0 సెకన్లలో గెలిచింది. ఆమె పరుగెత్తినది బొగ్గుపొడి పరిచిన ట్రాక్ మీద. 2025 విజేతతో కలిపి పరుగెత్తి ఉంటే ఆమె ముప్పై మీటర్లకు పైగా వెనుక ఉండేది.

ఇంత జరిగినా ప్రపంచ రికార్డు మాత్రం కదల్లేదు. 1985 అక్టోబరు 6న ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో తూర్పు జర్మనీకి చెందిన మరీటా కోఖ్ నెలకొల్పిన 47.60 సెకన్లే ఇప్పటికీ నిలిచి ఉంది. కోఖ్ ఏ డోపింగ్ పరీక్షలోనూ దొరకలేదు. అయితే ఆ కాలంలో తూర్పు జర్మనీ ప్రభుత్వమే తన క్రీడాకారులకు స్టెరాయిడ్లు ఇచ్చే కార్యక్రమం నడిపిందని, జర్మనీ ఏకమైన తర్వాత బయటపడిన పత్రాలు రుజువు చేశాయి. మహిళల శరీరంలో సహజంగా టెస్టోస్టిరాన్ తక్కువ కాబట్టి బయటి నుంచి ఇచ్చిన స్టెరాయిడ్ల ప్రభావం వారి మీద మరింత ఎక్కువ. అందుకే ఆనాటి మహిళల రికార్డులను నేటి కొలతలతో పోల్చడం ఇబ్బందికరమైన పని. ఆ రికార్డుకూ టోక్యో సమయానికీ మధ్య తేడా 0.18 సెకన్లు. ఆఖరి మీటర్లలో అలసిన కాళ్ల వేగంతో లెక్కిస్తే అది 1.35 మీటర్లు, ఒక అంగ కంటే తక్కువ.